చిన్న బృందానికి పనుల బోర్డు: మా ఎంపిక

హైదరాబాద్‌లోని మా చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో పనుల వివరాలు కొన్ని వాట్సాప్ గ్రూపులోనూ, కొన్ని స్ప్రెడ్‌షీట్‌లోనూ ఉండటం వల్ల, ఏ బగ్ (ప్రోగ్రాములోని లోపం) ఎవరి చేతిలో ఉందో తేల్చడానికే ఉదయపు సమావేశం సరిపోయేది. అందుకే పనులన్నీ ఒకేచోట కనిపించే బోర్డు కోసం వెతికాము. ఆ సాధనాల ఫీచర్ల జాబితాలను పక్కనపెట్టి, కోడ్ రాసేవారు తమ పని ఆపకుండానే వివరాలు తాజాగా ఉంటాయా అన్న ప్రశ్ననే గీటురాయిగా తీసుకున్నాము. పనుల నిర్వహణ సాధనమైన జిరాలో వర్క్‌ఫ్లోలను (పని ఒక దశ నుంచి మరో దశకు సాగే క్రమాలను) ఎంత వివరంగానైనా మలచుకోవచ్చు గానీ, వాటిని చూసుకునే మనిషి మా వద్ద లేరు. అలాంటిదే మరో సాధనమైన రెడ్‌మైన్ ఓపెన్ సోర్సు (ఎవరైనా ఉచితంగా వాడుకోగల బహిరంగ కోడ్) కాబట్టి లైసెన్సు ఖర్చు ఉండదు, అయితే సొంతంగా నడిపితే సర్వరు, బ్యాకప్‌ల బాధ్యత మనదే.

కోడ్‌ను దాచుకుని కలిసి పనిచేసుకునే వేదికైన గిట్‌హబ్‌లో మా కోడ్ అప్పటికే ఉన్నందున, చివరకు అక్కడి ఇష్యూలనూ (ఒక్కో పనికీ, లోపానికీ ఒక్కో నమోదు), వాటిని నిలువు వరుసల్లో కార్డులుగా చూపే ప్రాజెక్ట్స్ బోర్డునూ ఎంచుకున్నాము. పుల్ రిక్వెస్టు (రాసిన మార్పును కోడ్‌లో కలపమనే అభ్యర్థన) వివరణలో ‘ఫిక్సెస్’ అన్న ఆంగ్ల పదం పక్కన ఇష్యూ సంఖ్య రాస్తే, ఆ మార్పు డిఫాల్ట్ బ్రాంచిలో (కోడ్ ప్రధాన శాఖలో) కలవగానే ఇష్యూ దానంతటదే మూసుకుంటుంది. పూర్తయిన పని కార్డును బోర్డులో మరో వరుసకు జరపమని ఎవరినీ బతిమాలనక్కర్లేదు. ఒక్కో నిలువు వరుసకు కార్డుల పరిమితి పెట్టుకోవచ్చు గానీ, అది దాటినా బోర్డు అడ్డుకోదు కనుక, మనిషికి రెండు పనులే అన్న నియమాన్ని మేమే పాటిస్తున్నాము. గిట్‌హబ్ ఖాతా లేని క్లయింట్లకు మాత్రం వారం వారం ఈమెయిల్‌లో నివేదిక పంపుతున్నాము.