సాబధాన, వినను పో: రాక్ పాట ఇలా కట్టండి

బరంపురంలో మా ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. చీవాట్లూ హెచ్చరికలూ కూడా మాకు రెండు భాషల్లోనే వస్తాయి. ఎవరి మాటా వినని కుర్రాడి మీద రాక్ పాట కట్టాలంటే ముందు వాటినే పోగుచెయ్యండి. "సంకెళ్ళు తెంచుతా" లాంటివి వద్దు, ఇళ్ళల్లో ఎవరూ అలా మాట్లాడరు. "నలుగురూ ఏమనుకుంటారు", "ఆ జుట్టేంట్రా", "మీ పెదనాన్న కొడుక్కి బ్యాంకులో వచ్చింది చూడు"... చరణానికి సరుకు ఇదే.

మా పల్లవి గోపాల్‌పూర్ దారిలో ఒక మలుపు దగ్గర దొరికింది. బోర్డు మీద ఒడియాలో సాబధాన, అంటే జాగ్రత్త. సా, బ, ధా, న: నాలుగు దెబ్బలు, సరిగ్గా ఒక బార్ (తాళంలో ఒక ఆవర్తం). అది అందరూ కలిసి అరవాలి. తర్వాతి బార్‌లో పాడేవాడొక్కడే "వినను పో" అంటాడు. అవీ నాలుగే! "పో" దగ్గర గొంతు వదిలెయ్యండి. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి పొట్టి ఉకారం మీద అరిస్తే పాట తేలిపోతుంది. చివర్లో ఆ, ఓ లాంటి దీర్ఘం పడేదాకా మాటలు మారుస్తూ ఉండండి. నాకు దీనికే వారం పట్టింది.

గిటారుకి పవర్ కార్డులు చాలు. E5 అనే కార్డు అంటే లావు తీగ ఖాళీగా, దాని పక్క రెండు తీగలు రెండో ఫ్రెట్‌లో (మెట్టులో). మన లెక్కలో సా, పా మాత్రమే. గాంధారం కూడా కలిపి డిస్టార్షన్ (ఆంప్‌లో వచ్చే గరగర) పెంచితే మోత గజిబిజి అవుతుంది. చరణంలో కుడి అరచేతి అంచు బ్రిడ్జి (గిటారు ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర ఆనించి తీగల్ని అణిచి వాయించండి, పల్లవి రాగానే చెయ్యి ఎత్తెయ్యండి. వేగం నిమిషానికి 140 దెబ్బలు.

రెండో చరణంలో "పదో నంబరు జెండా చించేస్తా" అని రాసుకున్నాను, తుఫానప్పుడు రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక అది. గోపాల్‌పూర్‌లో చేపల వేటకెళ్ళే మా మావయ్య విని, "మూడో నంబరుకైతే కుర్రతనంలో నేనూ తెప్పేసుకుని పోయాన్రా. పదికి పోయినోణ్ణి ఒక్కణ్ణి చూపించు" అన్నాడు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను ఆ ఊరి దగ్గరే తీరం దాటింది. మావయ్య వాళ్ళు అప్పటికే ఇల్లు వదిలి మా ఇంటికి వచ్చేశారు. ఇప్పుడు పాటలో మూడో నంబరే ఉంది, ఆ కుర్రాడికి అదే నప్పింది.

ఇక స్టేజీ. చవితి పందిట్లో ఆంప్ ప్లగ్గు బోర్డుకి పట్టకపోతే ఎర్తు పిన్ను లేని అడాప్టర్ తగిలించాను. చేతిలో తీగలు, "సాబధాన" అనబోతే పెదవి మైకుకి తగిలి షాక్ కొట్టింది. నేను ఎగిరిపడితే అదీ పాటలో భాగమే అనుకుని జనం ఈలలు వేశారు. మైకుకీ ఆంప్‌కీ కరెంటు ఎర్తు ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోండి. పాడే ముందు మైకు జాలీకీ గిటారు తీగలకీ టెస్టర్ పెట్టి చూడండి. నా టెస్టర్ ఇప్పుడు గిటారు సంచిలో పిక్కుల పక్కనే ఉంటుంది.