ఇన్సూరెన్స్ స్టార్టప్‌లో కొత్తగా చేరారా?

మొదటి వారంలోనే పాలసీ పత్రం మొత్తం చదవండి, ముఖ్యంగా ఏవి వర్తించవో చెప్పే పేజీలు. గొడవలు ఎక్కువగా అక్కడే పుడతాయి. తర్వాత క్లెయిమ్స్ టీమ్ దగ్గర కూర్చుని, తిరస్కరించిన ఫైళ్లు ఓ 20 చూడండి.

అమ్మకాలు పెరుగుతున్నాయని మురిసిపోవద్దు. ప్రీమియం ముందే వస్తుంది, క్లెయిమ్ నెలల తర్వాత వస్తుంది. గడిచిన కాలానికి లెక్కకొచ్చిన ప్రీమియం 100 అయి, క్లెయిములకు 70 పోతే లాస్ రేషియో 70 శాతం. దీన్ని పాలసీలు అమ్మిన నెలల వారీగా విడదీయండి. అన్నీ కలిపి చూస్తే కొత్త పాలసీల ప్రీమియం పాతవాటి నష్టాన్ని కప్పేస్తుంది.

ధర, నిబంధన ఏది మార్చినా తేదీ, కారణం, ఆమోదించినవారి పేరు రాసిపెట్టండి. టీమ్ రెట్టింపయ్యాక ఎవరికీ గుర్తుండదు. క్లెయిమ్ వస్తే మాత్రం, ఆ పాలసీ జారీ అయిననాటి పత్రమే తెరవండి.