నల్లాలన్నీ కట్టేసినా ప్రెషర్ పంపు ఎందుకు తిరుగుతోంది?

రాత్రి పదకొండు దాటింది. ఇంట్లో ఒక్క నల్లా కూడా తెరిచి లేదు. అయినా డాబా మీద ప్రెషర్ పంపు (లైనులో ఒత్తిడి తగ్గగానే తనంతట తానే తిరిగే పంపు) అరగంటకోసారి తిరిగి ఆగుతోంది. మర్నాడు పొద్దున్నే నాకు ఫోను వస్తుంది: "గోడలో పైపు పగిలినట్టుంది, టైల్స్ తీసే మనిషిని వెంట తీసుకుని రండి." హన్మకొండలో, కాజీపేటలో ఈ మాట ఎన్ని ఇళ్లలో విన్నానో లెక్కలేదు. దయచేసి సుత్తి పట్టుకునే ముందు ఒక్క రాత్రి ఆగండి.

పడుకునే ముందు డాబా మీది నీళ్ల ట్యాంకు మూత తీసి, అంచు నుంచి నీళ్ల వరకు ఎంత లోతుందో స్కేలుతో కొలిచి రాసుకోండి. ట్యాంకు నింపే మోటారు ఆపండి. మున్సిపాలిటీ నీళ్లు నేరుగా ట్యాంకులో పడుతుంటే ఆ లైను కూడా కట్టేయండి. తెల్లవారి ఎవరూ నల్లా తిప్పకముందే మళ్లీ కొలవండి. ఐదు నిమిషాల పని ఇది. నేను అడిగిన ప్రతి ఇంట్లోనూ "అది చూడలేదండీ" అనే అన్నారు.

ఈ కొలత ఎందుకంత ముఖ్యమో చెబుతాను. పంపు 1.5 బార్ (ఒత్తిడి కొలత) దగ్గర మొదలై 2.5 బార్ దగ్గర ఆగేలా పెట్టి ఉంటే, పంపుతో పాటు ఉండే 24 లీటర్ల ప్రెషర్ ట్యాంకు (లోపల రబ్బరు, గాలి ఉన్న చిన్న ట్యాంకు) ఒక విడతలో సుమారు ఆరు లీటర్లు ఇస్తుంది. అరగంటకోసారి చొప్పున ఎనిమిది గంటల్లో దాదాపు వంద లీటర్లు పోవాలి. వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒక సెంటీమీటరు ఎత్తంటే ఇంచుమించు పది లీటర్లు. అంటే నీళ్లు నిజంగా బయటికి పోతుంటే మట్టం పది సెంటీమీటర్లు దిగాలి. దిగలేదంటే ఆ నీళ్లు ఇల్లు దాటి ఎక్కడికీ పోలేదు.

నల్లా తిప్పినప్పుడే పంపు టకటకా ఆన్ ఆఫ్ అవుతూ, మిగతా వేళ ఊరుకుంటే అది లీకేజీ కాదు, ప్రెషర్ ట్యాంకులో గాలి తగ్గింది. పంపు కరెంటు తీసి, నల్లా తెరిచి నీళ్లన్నీ పోనిచ్చి, ఆ తర్వాతే టైరు గేజీతో గాలి చూడండి. నీళ్ల ఒత్తిడి ఉండగా చూస్తే ఆ అంకె అబద్ధం చెబుతుంది. పంపు 1.5 బార్ దగ్గర మొదలయ్యేదైతే గాలి 1.3 బార్, అంటే 19 పీఎస్ఐ ఉండాలి. గాలి పిన్ను నొక్కితే నీళ్లు చిమ్మాయంటే లోపలి రబ్బరు చినిగింది, మార్చాల్సిందే.

మట్టం దిగిందా? ముందు కమోడ్ ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కల నీలిమందు వేయండి. అరగంటకు ఫ్లష్ చేయకుండానే కమోడ్‌లో నీలం కనిపిస్తే దొంగ అక్కడే దొరికాడు, వాషర్ మార్చండి. ఆపైన గీజర్ సేఫ్టీ వాల్వ్. నీళ్లు వేడెక్కేటప్పుడు అది కాస్త కారడం మామూలే. చల్లగా ఉన్నప్పుడూ కారుతుంటే బోరు నీళ్ల ఉప్పు పేరుకుని మూసుకోవడం లేదు. ఈ రెండూ బాగుంటేనే గోడల సంగతి. గోడలో పైపు పగిలితే సాధారణంగా ఎక్కడో ఒకచోట తడి పైకి వస్తుంది.

ఇక మట్టం దిగకుండానే పంపు తిరిగే ఇల్లు. నన్ను దెబ్బతీసింది ఇదే.

హన్మకొండలో రెండంతస్తుల ఇల్లు. పంపు నుంచి ఇంట్లోకి నీళ్లు వెళ్లే దారిలో, పంపు పక్కనున్న వాల్వ్ కట్టేసి చూశాను. పంపు వైపు ఒత్తిడి చూపే గేజీ ముల్లు కదలలేదు. అంటే పంపూ, దాని ఎన్‌ఆర్‌వీ (నీళ్లను వెనక్కి పోనివ్వని వాల్వ్), ప్రెషర్ ట్యాంకూ బాగున్నాయి, లీకేజీ ఇంటి వైపే అని తేల్చాను. నా మాట మీద రెండు బాత్రూముల్లో టైల్స్ తీయించారు. లోపల ఇటుక పొడిగా ఉంది. మూడో రోజు డాబా మీద నిలబడి పైపులను ఒక్కొక్కటిగా కళ్లతో వెంబడిస్తే అప్పుడు కనిపించింది: కరెంటు లేనప్పుడు ట్యాంకు నీళ్లు నేరుగా ఇంట్లోకి దిగడానికి వేసిన బైపాస్ లైను. అది నేను కట్టిన వాల్వ్‌కు అవతల, ఇంటి లైనులో కలుస్తోంది. దాని గేట్ వాల్వ్ బిగించే ఉంది. ట్యాంకు వైపు వాల్వ్ కట్టి, బైపాస్ యూనియన్ (విప్పి బిగించగలిగే పైపు జాయింటు) విప్పాను. ఇంటి వైపు నుంచి పెన్సిలంత ధార నా అరచేతిలో పడింది. గేట్ వాల్వ్ విప్పి చూస్తే అడుగున గచ్చులాంటి తెల్లటి ఉప్పు, దాంట్లో ఇరుక్కున్న రెండు ఇసుక రేణువులు. పిడి ఎంత తిప్పినా లోపలి రేకు కిందికి ఆనడం లేదు. పంపు నెట్టిన నీళ్లు రాత్రంతా ఆ సందులోంచి మళ్లీ ట్యాంకులోకే ఎక్కుతున్నాయి. చుక్క నీరు వృథా కాలేదు, పోయింది కరెంటూ ఆ ఇంటి టైల్సూ. ఆ రోజు ఆ ఇంటావిడ ముఖం చూడలేకపోయాను.

అందుకే పంపు వాల్వ్ ఒక్కటే కట్టి తీర్పు చెప్పకండి. దాన్ని తెరిచి ఉంచి, బాత్రూములకూ వంటింటికీ వెళ్లే వాల్వులన్నీ కట్టండి. అప్పటికీ ముల్లు దిగుతుంటే నీళ్లు పోయే దారి బైపాస్ ఒక్కటే. పంపు వాల్వ్ కట్టినప్పుడే ముల్లు దిగితే పంపు ఎన్‌ఆర్‌వీ చూడండి. అది వదిలినా నీళ్లు పంపులోంచి వెనక్కి ట్యాంకులోకే పోతాయి.

బైపాస్‌లో గేట్ వాల్వ్ తీసేసి మంచి ఇత్తడి బాల్ వాల్వ్ పెట్టించండి, రెండు వైపులా యూనియన్లతో. స్ప్రింగు ఎన్‌ఆర్‌వీ మాత్రం అక్కడ వద్దు. మూడు మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్లకు 0.3 బార్ ఒత్తిడే ఉంటుంది, స్ప్రింగును తోయడానికే అందులో కొంత పోతుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఆ బాల్ వాల్వ్‌ను నెలకోసారి తెరిచి మూయండి, లేకపోతే ఉప్పు పట్టి బిగుసుకుపోతుంది.

డాబా మీద సోలార్ హీటరు ఉంటే నీళ్లు పోయే ఇంకో దారి ఉంది, ఇందులో మాత్రం ట్యాంకు మట్టం దిగుతుంది. బాత్రూము మిక్సర్‌లో (వేడినీళ్లూ చల్లనీళ్లూ కలిపే నల్లా) చల్లనీళ్లు ప్రెషర్ మీద, వేడినీళ్లు సోలార్ నుంచి మామూలుగా వస్తున్నాయనుకోండి. మిక్సర్ తెరిచి ఉంచి చేతి షవర్ దగ్గర మాత్రమే నీళ్లు ఆపితే, చల్లనీళ్లు వేడి లైనులోకి ఎక్కి సోలార్ గాలి పైపులోంచి డాబా మీద పడతాయి. ఆ పైపు కింద గచ్చు తడిసి ఉందేమో చూడండి. వేడి లైనుకు ఒక ఎన్‌ఆర్‌వీ వేసి, నీళ్లను షవర్ దగ్గర కాకుండా మిక్సర్ దగ్గరే ఆపమని ఇంట్లో అందరికీ చెప్పండి.