ఇంట్లో కారు పాలిష్: క్లియర్ కోట్ పాడవకుండా గీతలు తీసే పద్ధతి

నల్ల కారునో ముదురు నీలం కారునో ఎండలో పెట్టి బానెట్ మీదికి వంగి చూడండి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు కనిపిస్తాయి. వీటినే స్విర్ల్ మార్కులంటారు. నిజానికి అవి గుండ్రంగా పడ్డ గీతలు కావు. అన్ని దిక్కులకూ పోయిన వేల గీతల్లో వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరిసి అలా కనబడతాయి. ఎక్కువ శాతం తుడవడం వల్ల వచ్చినవే. పొద్దున్నే పొడి దుమ్ము మీద కుచ్చు డస్టర్ ఆడించడం, సెల్లార్‌లో పది కార్లకు ఒకే బకెట్, ఒకే గుడ్డ వాడటం, ఇవి రెండూ చాలు. ఏడాది తిరిగేసరికి కొత్త కారు కూడా అలా తయారవుతుంది.

పాలిష్ అంటే ఈ గీతల్ని దేనితోనో పూడ్చడం అనుకుంటారు. జరిగేది వేరు. గీత ఎంత లోతుందో అంత మేరకు చుట్టూ ఉన్న పెయింట్‌ను అరగదీసి మట్టం చేస్తాం. అరిగేది రంగు మీద అద్దంలా ఉండే క్లియర్ కోట్. దాని మందం మామూలుగా 40 నుంచి 60 మైక్రాన్లు. తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లుంటుంది, అంటే వెంట్రుకంత కూడా లేదన్నమాట. ఎండకు రంగు వెలిసిపోకుండా కాపాడేదీ ఆ పొరే. నెమ్మదైన ఫినిషింగ్ పాలిష్‌కు ఒక మైక్రాన్ లోపే పోతుంది. గట్టి కాంపౌండ్‌తో, అంటే గరుకు ఎక్కువున్న పాలిష్‌తో రుద్దితే రెండు మూడు మైక్రాన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పోతాయి. పోయింది తిరిగి రాదు. అందుకే ప్రతి గీతా పోవాలన్న పంతం వద్దు. పదింట ఏడెనిమిది పోయి కారు నిగనిగలాడితే అక్కడితో ఆపడం మంచి పని.

అడ్డంగా గీకినప్పుడు గోరుకు తగిలి ఆపే గీతల జోలికి అసలు పోకండి. అవి తీయాలంటే క్లియర్ కోట్ మొత్తం తీయాల్సి వస్తుంది. అంచులు కాస్త నునుపు చేస్తే చాలు, దూరానికి కనబడవు.

మెషీన్ పట్టే ముందు

పెయింట్ మందం కొలిచే గేజ్ దొరికితే ప్రతి ప్యానెల్ మీద నాలుగైదు చోట్ల పెట్టి చూడండి. కంపెనీ పెయింట్ సాధారణంగా 90 నుంచి 140 మైక్రాన్ల మధ్య చూపిస్తుంది. ఇది ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ అన్నీ కలిపిన లెక్క. 200 దాటితే ఆ ప్యానెల్‌కు మళ్లీ పెయింట్ వేసి ఉండొచ్చు. ఇంకా బాగా ఎక్కువ చూపిస్తే కింద పుట్టీ ఉన్నట్టే. 80 కంటే తక్కువ వస్తే అక్కడ పాలిష్ మెషీన్ పెట్టకండి. మామూలు గేజ్‌లు ఇనుము, అల్యూమినియం మీదే పనిచేస్తాయి, ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయవు. సెకండ్ హ్యాండ్ కారైతే ఈ కొలత తప్పనిసరి, దాని మీద అంతకు ముందు ఎన్నిసార్లు రుద్దారో మనకు తెలియదు కదా.

వర్క్‌షాప్‌లో కొత్తగా పెయింట్ వేయించిన ప్యానెల్‌ను కనీసం నెల రోజులు వదిలేయండి. పైకి ఆరినట్టున్నా లోపల మెత్తగానే ఉంటుంది, మెషీన్‌కు తొడిగే ఫోమ్ ప్యాడ్ వేడికి జిగురులా లాగుతుంది.

కడగడం దగ్గర తొందర పడితే మిగతా పనంతా వృథా. ముందు నీళ్లు బాగా కొట్టి మట్టి కరిగించండి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూ నీళ్లకు, ఒకటి చేతి గ్లోవ్ జాడించుకోవడానికి. టాప్ నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. చక్రాల పక్క భాగం, డోర్ల కింది అంచు ఆఖర్న, వేరే గ్లోవ్‌తో. గిన్నెల సబ్బు, కిరోసిన్, టూత్‌పేస్ట్ లాంటివి ఏవీ వద్దు. టూత్‌పేస్ట్‌తో గీతలు పోతాయని చెప్పేవాళ్లున్నారు. అదీ అరగదీసే పదార్థమే, కాకపోతే ఎంత గరుకో తెలియని పదార్థం.

బోరు నీళ్లతో కడిగే ఊళ్లలో ఇంకో చిక్కుంది. నీటి చుక్క ఎండకు ఆరిపోయి అందులోని సున్నం తెల్లటి ఉంగరంలా మిగులుతుంది. వైట్ వెనిగర్, డిస్టిల్డ్ వాటర్ చెరిసగం కలిపి, మైక్రోఫైబర్ బట్ట తడిపి ఆ మరక మీద ఒక నిమిషం ఉంచండి. తర్వాత నీళ్లతో కడిగేయండి. ఇది నీడలో, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి. తెల్లదనం పోయినా గుంటలా మచ్చ మిగిలితే సున్నం పెయింట్‌ను తినేసిందని అర్థం. దానికి పాలిషే మార్గం.

కడిగి తుడిచాక చేతికి పల్చటి పాలిథిన్ కవర్ తొడుక్కుని బానెట్ మీద తేలిగ్గా నిమరండి. ఒట్టి వేళ్లకు నున్నగా తోచిన చోటే కవర్ లోంచి ఇసుక కాగితంలా గరగరలాడుతుంది. అది పెయింట్‌లో దిగబడిన మురికి: బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను, తారు, చెట్ల జిగురు. ఐరన్ రిమూవర్ కొడితే ఇనుప రజను ఊదా రంగుకు తిరిగి కారిపోతుంది. మిగిలినదాన్ని క్లే బార్‌తో, అంటే మురికిని పట్టి లాగే మెత్తటి ముద్దతో తీయాలి. క్లేను అరచేతిలో బిళ్లలా చేసి, షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, బరువు వేయకుండా నిలువుగా అడ్డంగా జార్చండి. మురికి పట్టిన వైపు లోపలికి మడిచి కొత్త వైపు వాడండి. క్లే చేజారి నేల మీద పడితే ఎంత కొత్తదైనా పారేయండి. దానికంటిన ఒక్క ఇసుక రేణువు బానెట్ పొడవునా గీత పెడుతుంది. ఈ పని మానేసి పాలిష్ మొదలుపెడితే ఆ రజనంతా ప్యాడ్‌లోకి చేరి, తీసిన గీతల కన్నా పెట్టిన గీతలే ఎక్కువవుతాయి.

సరంజామా

మొదటిసారి చేసేవాళ్లు డ్యుయల్ యాక్షన్ పాలిషర్ తీసుకోండి, రోటరీ వద్దు. రోటరీలో ప్యాడ్ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. బాగా కోస్తుంది గానీ వేడి అంతా ఒకేచోట పుడుతుంది. డ్యుయల్ యాక్షన్‌లో ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, గట్టిగా నొక్కితే తిరగడం మానేస్తుంది. కొత్త చేతికి ఆ లోపమే రక్ష. 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్ అంటించే పళ్లెం), దానికి 5.5 అంగుళాల ఫోమ్ ప్యాడ్లు సరిపోతాయి. కటింగ్‌కు (గీతలు కోయడానికి) రెండు, ఫినిషింగ్‌కు (చివరి నునుపుకు) మూడు, ఇరుకు చోట్లకు ఒక 3 అంగుళాలది. ప్యాడ్ రంగును బట్టి గట్టిదనం చెప్పలేం, ఒక్కో కంపెనీది ఒక్కో రంగు. డబ్బా మీద చదివే కొనండి.

వీటితోపాటు మీడియం పాలిష్, ఫినిషింగ్ పాలిష్ చెరొక చిన్న సీసా, డజను మైక్రోఫైబర్ బట్టలు, మాస్కింగ్ టేప్, మంచి ఎల్‌ఈడీ టార్చ్ కావాలి. బట్టల అంచున కుట్టిన లేబుల్ కత్తిరించేయండి, అదీ గీకుతుంది. నల్ల ప్లాస్టిక్, రబ్బరు బీడింగ్, లోగోలు, ప్యానెల్ అంచులు అన్నిటికీ టేప్ వేయండి. గరుకు నల్ల ప్లాస్టిక్‌లో పాలిష్ తెల్లగా ఎండిపోతే తీయడానికి పూట పడుతుంది. వాచీ, ఉంగరం, బెల్టు బకిల్ తీసేసి, మెషీన్ వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకోండి.

ప్యానెల్ చేతికి చల్లగా తగలాలి. మన ఎండాకాలంలో ఆరుబయట పాలిష్ మాట మరిచిపోండి. నీడలో పొద్దున ఏడింటికి మొదలుపెట్టి, ప్యానెల్ వేడెక్కడం మొదలైతే ఆపేయండి. చలికాలం ఈ పనికి మంచి అదను.

రెండడుగుల చోటు

కారంతా రుద్దే ముందు చిన్న చోట రుద్ది చూడటం: మొత్తం పనిలో అందరూ దాటేసేది ఇదే, అసలు నేర్పేదీ ఇదే. బానెట్ మధ్యలో రెండడుగుల చదరం టేప్‌తో గుర్తు పెట్టుకోండి. అన్నిటికన్నా మెత్తనిదానితో మొదలుపెట్టాలి: ఫినిషింగ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్.

కొత్త ప్యాడ్ ముఖానికి మొత్తంగా పల్చగా పాలిష్ రాసి వేలితో అద్దండి. ఆపైన బఠాణీ గింజంత చుక్కలు నాలుగు పెట్టండి. మెషీన్ ఆన్ చేయకుండానే ప్యానెల్‌కు ఆనించి, నాలుగు చోట్ల అద్ది, 1వ స్పీడులో పులమండి. గాల్లో ఆన్ చేస్తే పాలిషంతా గోడల మీద ఉంటుంది. తర్వాత 4 లేదా 5వ స్పీడు. చేతి కదలిక సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లు, చాలామందికి నమ్మశక్యం కానంత నెమ్మది. ఒక వరస మీద ఇంకో వరస సగం కప్పుతూ వెళ్లి, మళ్లీ అడ్డంగా రావాలి. ఇలా నాలుగు నుంచి ఆరు పాస్‌లు. బ్యాకింగ్ ప్లేట్ పక్కన మార్కర్‌తో నల్ల గీత పెట్టుకోండి. గీత తిరుగుతూ కనబడితే ప్యాడ్ పనిచేస్తోంది. నిలిచిపోతే మీరు ఎక్కువ నొక్కుతున్నారు, లేదా ప్యాడ్ ఒక పక్కకు వాలింది. ఎంత నొక్కాలో తెలియకపోతే మెషీన్ ఆపి ఉంచి బరువు తూచే స్కేల్ మీద నొక్కి చూడండి. కటింగ్‌కు 4 నుంచి 6 కిలోలు, ఫినిషింగ్‌కు మెషీన్ బరువు కన్నా కాస్త ఎక్కువ.

తుడిచాక కనబడే మెరుపును నమ్మకండి. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి వాటిని దాచేస్తాయి. రెండు కడుగులకు నూనె పోతుంది, గీతలన్నీ మళ్లీ ప్రత్యక్షమవుతాయి. అందుకని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ నాలుగు వంతులు కలిపి చల్లి, శుభ్రమైన బట్టతో తుడిచి, అప్పుడు టార్చ్ వేసి చూడండి. గీతలు తగినంత పోయుంటే కారు మొత్తానికీ అదే సరంజామా. పోకపోతే ముందు పాలిష్ మార్చండి, మీడియం తీసుకోండి. అప్పటికీ చాలకపోతే ప్యాడ్ మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. కొన్ని కార్ల క్లియర్ కోట్ మెత్తన, కొన్నిటిది గట్టి. ఒకే కంపెనీ కార్లలోనే తేడా ఉంటుంది కాబట్టి వేరేవాళ్ల కారుకు కుదిరింది మీ కారుకు కుదురుతుందని లేదు.

తప్పు జరిగినప్పుడు పెయింట్ ఏం చూపిస్తుంది

గీతలు పోయాయి గానీ ప్యానెల్ మీద పొగమంచులా మసక కమ్మింది. మెత్తటి నల్ల పెయింట్ మీద కటింగ్ ప్యాడ్ వాడితే ఇలా అవుతుంది. భయపడక్కర్లేదు. మెత్తటి ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో తక్కువ ఒత్తిడిలో ఇంకో రౌండు వేస్తే పోతుంది. కాంపౌండ్ వాడిన ప్యాడ్‌తోనే ఫినిషింగ్ చేస్తే మాత్రం ఎన్నిసార్లు రుద్దినా పోదు.

పంది తోకలా మెలిక తిరిగిన లోతైన గీతలు అక్కడక్కడా కనబడితే ప్యాడ్‌లో ఏదో రేణువు చిక్కుకుంది. వెంటనే ప్యాడ్ మార్చండి. ఈ తప్పు రాకుండా ప్రతి రెండడుగుల చోటు అయ్యాక ప్యాడ్‌ను బ్రష్‌తో రుద్ది ఎండిన పాలిష్ దులపాలి, రెండు ప్యానెళ్లకోసారి ప్యాడే మార్చాలి. పాలిష్ నిండిపోయి నానిన ప్యాడ్ కోయదు, వేడి మాత్రం పుట్టిస్తుంది.

ఎండలో కారు చుట్టూ నడుస్తుంటే మీతోపాటు వెలుగు అలలు కదిలితే అవి హోలోగ్రామ్‌లు, రోటరీ మెషీన్ వదిలిన గుర్తులు. బయట పాలిష్ చేయించిన కార్ల మీద తరచూ కనబడతాయి. డ్యుయల్ యాక్షన్‌తో ఫినిషింగ్ చేస్తే పోతాయి.

పాలిష్ పొడిపొడిగా దుమ్ము లేస్తే ప్యానెల్ వేడిగా ఉంది లేదా మరీ ఎక్కువసేపు రుద్దారు. బంకలా సాగితే పాలిష్ ఎక్కువైంది.

సరిదిద్దలేని తప్పు ఒకటుంది. బానెట్ అంచులు, డోరు మీద మడత గీత, ఫెండర్ మూలలు: పెయింట్ వేసినప్పుడే వంపుల మీద పొర పల్చగా నిలుస్తుంది. ప్యాడ్ బరువంతా కూడా ఆ సన్నని గీత మీదే పడుతుంది. క్లియర్ కోట్ తెగే క్షణంలో ఆ చోట మెరుపు చచ్చి సుద్ద రాసినట్టవుతుంది, చుట్టూ సన్నని అంచు ఏర్పడుతుంది, ప్యాడ్‌కు కారు రంగు అంటుతుంది. ఇక రుద్దితే ఇంకా పెద్దదవుతుంది. మెషీన్ ఆపేయండి, దానికి మళ్లీ పెయింటే దారి. అందుకే అంచులకు అరంగుళం లోపలే ఆగి, టేప్ తీశాక మిగిలిన మేర చేత్తో రుద్దుకోవాలి. పాత కార్లలో క్లియర్ కోట్ లేని రంగులూ ఉంటాయి. వాటిమీద ప్యాడ్‌కు మొదటి పాస్ నుంచే, ఎక్కడ రుద్దినా ఒకేలా రంగు అంటుతుంది, అది మామూలే.

ప్లాస్టిక్ బంపర్ ఇనుప రేకులా వేడిని చెదరగొట్టదు, అక్కడే నిలుపుకుంటుంది. స్పీడు ఒక మెట్టు తగ్గించి, రెండు మూడు పాస్‌లకే ఆపి, చెయ్యి పెట్టి చూస్తుండండి.

పూత, ఆ తర్వాత

పాలిష్ చేసిన పెయింట్ ఒట్టిది. అదే రోజు వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ పల్చగా వేయండి. మందంగా వేస్తే ఎక్కువ రోజులుండదు, తుడవడం కష్టమవుతుందంతే. సిరామిక్ కోటింగ్ వేయాలంటే ఆల్కహాల్‌తో తుడిచి నూనె మిగలకుండా చూడాలి, వేశాక ఒక రోజు పాటు నీళ్లు తగలనీయకూడదు. సరిగ్గా పోని గీతల మీద కోటింగ్ వేస్తే ఆ గీతలే దాని కింద బందీ అవుతాయి.

తర్వాత వారానికోసారి రెండు బకెట్లతో కడగండి. పొడి డస్టర్ ఎవరి చేతిలోనూ పెట్టకండి, వాచ్‌మన్‌కు కూడా మర్యాదగా ఒక మాట చెప్పండి. పిట్ట రెట్ట పడితే ఎండ ఎక్కకముందే తడి బట్ట వేసి నాననిచ్చి తీయండి. దసరాకు వాహన పూజ చేసినప్పుడు పసుపు, కుంకుమ బొట్లు నూనెతో కలిపి పెడితే ఆ సాయంత్రమే కడిగేయండి. రోజుల తరబడి ఎండితే లేత రంగు కార్ల మీద మచ్చ మిగులుతుంది.

ప్యాడ్లను గోరువెచ్చని నీళ్లలో కాస్త షాంపూ వేసి పిసికి కడగండి, మెలిపెట్టి పిండొద్దు. మైక్రోఫైబర్ బట్టలు కాటన్ బట్టలతో కలిపి ఉతకొద్దు, నూలు పీచు వాటికి పట్టేస్తుంది. ఫ్యాబ్రిక్ కండిషనర్ కూడా వద్దు. అన్నీ నీడలో ఆరబెట్టి, దుమ్ము చేరకుండా మూతున్న డబ్బాలో పెట్టుకోండి.