ముసురు పట్టకముందే అడుగు బస్తా చూడండి

నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. వేసవిలో వేసిన ఎడగారు పంట వడ్లు ఇంటికి చేరిన కొద్ది వారాలకే ముసురు మొదలు. అప్పుడు బస్తాల అడుగున, గోడవారన నువ్వుగింజ కన్నా చిన్న గోధుమరంగు పురుగులు పాకుతుంటే ముక్కపురుగు అనుకొని మందు కొట్టేస్తారు. అక్కడే పొరపాటు.

ఇవి లాట్రిడియస్ అనే ప్రజాతి పెంకుపురుగులు, లేదా దాని దగ్గరి చుట్టాలు కావచ్చు. పొడవు సుమారు 2 మిల్లీమీటర్లు. భూతద్దంలో చూస్తే రెక్కపెంకుల మీద కుట్టు వేసినట్టు సన్నటి గుంటల వరసలు, కొస లావుగా ఉన్న మీసాలు కనబడతాయి. ముక్కపురుగుకున్న పొడుగు ముక్కు వీటికి లేదు. మంచి గింజకు బొక్క పెట్టలేవు. తిండల్లా బూజే. బయట కుళ్లిన ఆకుల్లో, బెరడు కింద ఉండేవి, ఇంట్లో చెమ్మ పట్టిన బస్తా కింద చేరతాయి. పురుగు గుంపుగా కనబడిందంటే బూజు పుట్టినట్టు, బూజు పుట్టిందంటే తేమ ఉన్నట్టు.

అందుకే సెప్టెంబరు ఎండల్లోనే వడ్లు ఆరబెట్టాలి. పట్ట మీద 3 నుంచి 5 సెంటీమీటర్ల మందాన పరిచి, అరగంటకోసారి తిరగెయ్యండి. తేమ 14 శాతం మించకూడదు. ఎక్కువ నెలలు ఉంచేవైతే 13 లోపు. తేమ కొలిచే మీటరు లేకపోతే పొడి గాజు సీసాలో గుప్పెడు వడ్లు, రెండు చెంచాల బాగా ఎండిన మెత్తటి ఉప్పు వేసి, మూతపెట్టి నిమిషం ఊపండి. పది నిమిషాలాగి చూస్తే ఉప్పు గాజుకు అంటుకుందా, తేమ 15 దాటినట్టే, మళ్లీ ఎండకు వెయ్యాలి. వడ్లు చల్లారాకే బస్తాకెత్తండి. వేడి మీద కుడితే లోపల చెమ్మ చేరుతుంది.

సిమెంటు గచ్చు అయినా నేలచెమ్మ పైకి వస్తుంది. ఇటుకల మీద చెక్కలు పరిచి, జానెడు ఎత్తున, గోడకు మూరెడు ఎడంగా బస్తాలు పేర్చండి. ముసురు రోజుల్లో కిటికీలు మూసి, ఎండ కాసిన మధ్యాహ్నం తెరవండి.

అయినా పురుగు కనబడితే అడుగు బస్తా విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలినా, ముక్కిపోయిన వాసన వచ్చినా ఆ బస్తా వేరుచెయ్యాలి. బూజు గింజలను మంచివాటిలో కలపొద్దు, కోళ్లకూ గొడ్లకూ వెయ్యొద్దు. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉంటే ఉడికినా పోదు. ఎత్తేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి. పురుగు చంపే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు మాత్రం మనుషులుండే ఇంట్లో పెట్టకండి, వాటి నుంచి వచ్చే గ్యాసు ప్రాణాలు తీస్తుంది. పైగా పురుగు చచ్చినా తేమ అక్కడే ఉంటుంది.

గోడపూత ఆరని కొత్త ఇళ్లలోనూ ఇవి వస్తాయి. బీరువా గోడకు ఆనించకుండా బెత్తెడు జరపండి. గోడ ఆరి బూజు పోతే అవీ పోతాయి.