దవావ్‌లో ఫిలిపినో కుటుంబంతో కాపురం: నెల జీతంలో ఇల్లు నడపడానికి కొన్ని సూచనలు

ఫిలిపినో అమ్మాయిని పెళ్లి చేసుకుని ఫిలిప్పీన్స్‌లోని దవావ్ నగరంలో కాపురం పెట్టబోయే తెలుగువాళ్లు ముందుగా అడిగేది, నెలకు 35,000 పెసోలతో ఇల్లు గడుస్తుందా అని. మన డబ్బులో యాభై వేల రూపాయల పైమాట. గడుస్తుంది. ఇద్దరు పిల్లలు, ఊరి చివర ఎనిమిది వేల లోపు అద్దె ఇల్లు, సొంత కారు లేకుండా అయితే ఇబ్బంది పడకుండానే గడుస్తుంది. ఇక్కడ కనీస రోజు కూలి 500 పెసోల పైచిలుకు. ఇంతకన్నా తక్కువలో పిల్లల్ని చదివించుకుంటున్న ఇళ్లు మీ వీధిలోనే బోలెడు కనిపిస్తాయి.

అయితే మీ అత్తమామలను ఈ లెక్కలో మొదటి నెల నుంచే కలుపుకోండి. కొత్తగా వచ్చినవాళ్లు తాము, భార్య, పిల్లలు అనుకుని లెక్క వేసుకుంటారు. తర్వాత మామగారి మందులకో, మరదలి చదువుకో డబ్బు వెళ్లినప్పుడల్లా ఇంట్లో మాటలు పెరుగుతాయి. మన వైపు పెళ్లయిన కూతురి దగ్గర డబ్బు తీసుకోవడానికి తల్లిదండ్రులు మొహమాటపడతారు. ఇక్కడ ఆ పట్టింపు లేదు. కొడుకైనా కూతురైనా, పెళ్లయినా కాకపోయినా, సంపాదించే బిడ్డ కన్నవాళ్లను చూసుకోవాలి. దాన్ని డబ్బాశ అనుకోకండి. మీ ఆవిడను చదివించింది వాళ్లే, తోబుట్టువుల్లో ముందు ఉద్యోగం వచ్చినవాళ్లు తర్వాతివాళ్లను చదివించడం కూడా ఇక్కడ మామూలే.

నేను అందరికీ చెప్పేది, అత్తమామలకు నెలకు ఇంత అని భార్యాభర్తలు కూర్చుని ముందే అనుకోండి. 35,000లో నాలుగు వేలు ఇవ్వొచ్చు. అందులో కొంతతో బియ్యం వేయించి, వాళ్ల కరెంటు బిల్లు మీరే కట్టేసి, మిగతాది అత్తగారి చేతికి ఇస్తే అందరికీ నిశ్చింత. ఊళ్లో మీ అమ్మానాన్నలకు పంపేది కూడా అదే కాగితం మీద రాయండి. ఒకవైపు లెక్క దాచి, రెండోవైపు లెక్క అడిగితే కాపురం నిలవదు. అనుకున్నదానికి మించి ఎవరైనా అడిగితే, ఆమె వైపు వాళ్లకు ఆమె, మీ వైపు వాళ్లకు మీరు కాదని చెప్పండి. అల్లుడి నోటి నుంచి కాదన్న మాట వస్తే అది ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

ఇంటి డబ్బు ఇక్కడ చాలా ఇళ్లలో భార్య చేతిలోనే ఉంటుంది. అది మంచి పద్ధతి, మీరూ పాటించండి. బజారు ధరలు ఆమెకు తెలుసు, బేరమాడే భాషా ఆమెదే. జీతాలు నెలకు రెండుసార్లు, 15న, 30న వస్తాయి. నెలకోసారి జీతానికి అలవాటు పడ్డ మనకు మొదట్లో చేతిలో డబ్బు ఎప్పుడూ ఉన్నట్టే అనిపించి, ప్రతి పక్షం చివర్లో కటకట వస్తుంది. 30న వచ్చే జీతంలో అద్దె, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ కట్టేయండి. 15న వచ్చేదాంట్లో బియ్యం, పిల్లల బడి ఖర్చు, అత్తమామల డబ్బు తీయండి.

వంటింటి సంగతికి వస్తే మనవాళ్లకు ఇక్కడ అదృష్టమే. బంకెరోహాన్ మార్కెట్‌కి పొద్దున్నే వెళ్తే మునగాకు, తూటికూర, కాకరకాయ, వంకాయ, గుమ్మడి, పొడుగు బొబ్బరకాయలు అన్నీ ఉంటాయి. ఫిలిపినోలు పెసలు ఉడికించి మునగాకు వేసి చేసే మొంగో చాలా ఇళ్లలో శుక్రవారం వంట. అది క్యాథలిక్కులు మాంసం మానేసే రోజు నుంచి వచ్చిన అలవాటు. మన పెసరపప్పు మునగాకు కూరకు అది ఎంత దగ్గరో తింటే తెలుస్తుంది. చింతపండు పులుపుతో చేసే సినిగాంగ్ చేపల పులుసు కూడా మన నాలుకకు త్వరగానే అలవాటవుతుంది. వారంలో మూడు రోజులు ఇలాంటి వంటలు పెట్టుకుంటే ఇంటిల్లిపాదికీ రోజుకు 300 పెసోలు సరిపోతాయి. కందిపప్పు, మినప్పప్పు, ఆవకాయ కావాలంటే, ఇక్కడ మెడిసిన్ చదివే మన పిల్లలు ఎక్కువ కాబట్టి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి. కానీ అది దిగుమతి సరుకు. రోజూ కందిపప్పే కావాలంటే ఈ జీతంలో కుదరదు. పప్పుకు పెసలు వాడండి, కందిపప్పు పండగలకు ఉంచండి.

బియ్యం కిలో 45 నుంచి 55 పెసోల మధ్య. మూడు పూటలా అన్నమే తినే ఇల్లు కాబట్టి నెలకు 50 కిలోల బస్తా లెక్క వేసుకోండి. వీధి చివర సారీ-సారీ అనే చిన్న కిరాణా కొట్లో షాంపూ, కాఫీ, సబ్బు పొడి ప్యాకెట్ల లెక్కన, నూనె చిన్న సంచిలో అమ్ముతారు. రోజు కూలీకి అది వరం, జీతం వచ్చేవాళ్లకు నష్టం. అవన్నీ నెలకోసారి పెద్దవి కొనండి. ఖాతా పెట్టుకోకండి, పెడితే ఇంట్లో పిల్లలందరూ మీ పేరు మీద తెస్తారు.

కరెంటు మాత్రం భయపడాల్సినంత ఖరీదు. యూనిట్ పది, పన్నెండు పెసోల దాకా పడుతుంది. పెద్ద ఏసీ రాత్రంతా వేస్తే ఆ ఒక్క బిల్లే అత్తమామల డబ్బును తినేస్తుంది. ఫ్యాన్లతో సర్దుకుని, నెలకు 200 యూనిట్లు దాటకుండా చూసుకోండి.

చదువులో ప్రభుత్వం చేస్తున్న సాయాన్ని వాడుకోండి. ప్రభుత్వ బళ్లలో పన్నెండో తరగతి వరకు ఫీజు లేదు. ఖర్చంతా యూనిఫాం, ప్రాజెక్టులు, రోజూ పిల్లల చేతికిచ్చే 50 పెసోల దగ్గర. 2017లో వచ్చిన చట్టంతో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీకి ట్యూషన్ ఫీజు కూడా పోయింది. మరదలినో బావమరిదినో చదివించాల్సి వస్తే, ప్రైవేటు కాలేజీ పేరెత్తే ముందు యూనివర్సిటీ ఆఫ్ సౌత్‌ఈస్టర్న్ ఫిలిప్పీన్స్‌కో, మింటాల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ ద ఫిలిప్పీన్స్ మిండనావ్‌కో ప్రవేశ పరీక్ష రాయించండి.

ఆరోగ్యం విషయంలో బద్ధకించకండి. ఉద్యోగమైతే ఫిల్‌హెల్త్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా డబ్బు జీతంలోనే కోస్తారు, లేకపోతే నెలకు కనీసం 500 పెసోలు సొంతంగా కట్టాలి. కట్టండి. అత్తమామలకు 60 దాటితే ఫిల్‌హెల్త్ దానంతట అదే వర్తిస్తుంది. సీనియర్ సిటిజన్ కార్డు తీయిస్తే మందుల మీద 20 శాతం తగ్గింపు, పైగా వ్యాట్ ఉండదు. బీపీ, షుగర్ మందులు నెలనెలా కొనే ఇంట్లో అది చిన్న డబ్బు కాదు. ఆ కార్డు తీయించుకోని పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దగ్గరుండి తీయించండి. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే సదరన్ ఫిలిప్పీన్స్ మెడికల్ సెంటర్ అనే ప్రభుత్వాసుపత్రిలో మలసాకిత్ సెంటర్ ఉంది. బిల్లు కట్టలేనివాళ్లకు వివిధ ప్రభుత్వ శాఖల సాయం అక్కడే ఒకచోట ఇప్పిస్తారు.

అప్పు అవసరమైతే ఫైవ్-సిక్స్ వైపు వెళ్లకండి. అయిదు వేలు తీసుకుంటే ఆరు వేలు కట్టాలి, అదీ రోజువారీ వసూలు. మోటారు సైకిల్ మీద తిరిగి ఆ వ్యాపారం చేసేవాళ్లలో పంజాబీలు ఎక్కువ. అందుకే ఇండియన్ అనగానే వడ్డీకి డబ్బు దొరుకుతుందా అని మిమ్మల్నీ అడుగుతారు. నవ్వి లేదని చెప్పండి. పొదుపుకు ఆఫీసుల్లో పలువాగన్ నడుస్తుంది. మన చిట్టీ లాంటిదే, కానీ పాట ఉండదు, కమీషన్ ఉండదు, వరుస ప్రకారం డబ్బు అందుతుంది. మనుషులు బాగా తెలిసిన చోటే చేరండి.

ఏడాదికి ఒకసారి అదనంగా వచ్చే పదమూడో నెల జీతం చట్టప్రకారం డిసెంబరు 24 లోపు ఇవ్వాలి. క్రిస్మస్ సందడి సెప్టెంబరు నుంచే మొదలవుతుంది. బహుమతులు, క్రిస్మస్ ముందురోజు రాత్రి విందు, బాప్తిస్మప్పుడు మీరు జ్ఞానతండ్రిగా (గాడ్‌ఫాదర్) నిలబడ్డ పిల్లలకు డబ్బు, అన్నీ డిసెంబరులోనే. ఆ జీతంలో సగం ఇలా పోనివ్వండి, పోనివ్వాలి కూడా. మిగతా సగం వేరే ఖాతాలో వేసి జూన్‌లో బడులు తెరిచేదాకా తీయకండి.