ట్రాక్షన్ అవాంట్ ముందు చక్రాల కటకట: నా అనుభవం

మిర్యాలగూడలో మా చిన్నాయన రైస్ మిల్లు షెడ్డులో ఉన్న పాత కారును అందరూ మోరిస్ అనే అనుకునేవాళ్లు. వంగి చూస్తే సంగతి తేలిపోయింది. గ్రిల్ మీద తిరగేసిన రెండు వీ గుర్తులు, డ్యాష్‌బోర్డులోంచి వచ్చే గేర్ రాడ్, పక్కన ఫుట్‌బోర్డు లేదు, కింద ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకు మోసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ అసలే లేదు. ఫ్రెంచ్ కంపెనీ సిట్రోయెన్ వారి ట్రాక్షన్ అవాంట్! 1934 నుంచి 1957 దాకా తయారైన బండి.

స్టీరింగ్ పూర్తిగా తిప్పితే కటకటమని శబ్దం. మెకానిక్ వెనక క్రౌన్ (వెనక చక్రాలను తిప్పే పెద్ద గేరు) విప్పుదామన్నాడు. "అన్నా, దీనికి వెనక క్రౌన్ ఉండదు. లాగేది ముందు చక్రాలే" అని చూపించాను.

ఇంజిన్ తిప్పే షాఫ్ట్‌ను చక్రంతో కలిపే, వంగి తిరిగే కీలే క్రాస్ జాయింట్. అది ఒక్కటే ఉండి వంగి తిరిగితే వేగం ఒక్కతీరుగా ఉండదు, కుదుపు వస్తుంది. అందుకే ఇందులో చక్రం వైపు రెండు క్రాస్‌లు జత చేశారు. ఒకదాని కుదుపును రెండోది సరిచేస్తుంది. ఎంత చక్కని ఆలోచన!

అసలు కష్టమల్లా హబ్ (చక్రం బిగించే నడిమి భాగం) ఊడదీయడమే. అది కోసుగా ఉన్న షాఫ్ట్ మీద బిగుసుకుపోతుంది. సుత్తితో కొడితే షాఫ్ట్ మీది మరలు పాడవుతాయి. లేత్ షాపులో మందపాటి పుల్లర్ (హబ్‌ను పట్టి బయటికి లాగే పనిముట్టు) చేయించి, మెల్లగా బిగిస్తూ పోతే టప్పుమని వదిలింది. లోపల గ్రీజు ఎండి గట్టిపడింది, బేరింగ్ సూదులు తుప్పుపట్టి ఎర్రటి పొడి రాలింది. కొత్త క్రాస్‌లు వేశాం, జాయింట్ మీద చిరిగిన రబ్బరు తొడుగూ మార్చాం.

శబ్దం పోయింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు మాత్రం యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకండి, ఈ జాయింట్లు తట్టుకోలేవు.